అమ్మ అరచెయ్యి ఎంచుకున్న సెట్టు

నాగర్‌కర్నూల్‌లో మా తమ్ముడు కొత్తగా కట్టుకున్న ఇంట్లో దేవుడి గది కంటే పాటల గది పెద్దది. మరదలు ఈ మాట ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ అంటుంది, తమ్ముడు ప్రతిసారీ నవ్వి ఊరుకుంటాడు. ఉద్యోగం నుంచి దిగాక మనిషికి ఏదో ఒక పిచ్చి పట్టాలి కదా. కొందరికి తీర్థయాత్రలు, కొందరికి రాజకీయాలు, వీడికి యాంప్లిఫయర్లు. మొన్న ఎండాకాలంలో ఫోన్ చేసి, "అక్కా, జర ఒక్కపారి వచ్చిపో. హైదరాబాదు దుకాణపాయన రెండు సెట్లు ఇచ్చిపోయిండు. విని చూసి ఒకటి ఉంచుకొని ఇంకోటి వాపసియ్యుమన్నడు. ఒకటి ట్యూబులది, ఒకటి సాలిడ్ స్టేట్. నాకైతే దిమాక్ పనిచేస్తలేదు" అన్నాడు. "నాకేమెరుకరా?" అన్నాను. "నీకు తెల్వకుంటే ఇంకెవరికి తెలుస్తది? మనింట్ల ఈ పంచాయితీ ఎన్నడో అయింది గద" అన్నాడు. ఆ మాటకే బస్సెక్కాను. గద్వాల నుంచి వనపర్తి, బిజినేపల్లి మీదుగా కిటికీ పక్కన కూర్చుని పోతున్నంతసేపూ ఆ పాత పంచాయితీయే తలలో తిరిగింది.

వాడి గదిలో రెండు సెట్లూ పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ట్యూబుల సెట్టు మీద గాజు బుడ్లు నిలబడి లోపల ఎర్రగా వెలుగుతున్నాయి. రెండోది నల్లగా, పలుచగా, ముందువైపు ఒక్క నీలం చుక్కతో ఏ గుట్టూ చెప్పని మనిషిలా కూర్చుంది. తమ్ముడు ఫోనులో చదివి పెట్టుకున్నదంతా నాకు అప్పజెప్పాడు. ట్యూబుల్లో వెచ్చదనం ఉంటుందట, సాలిడ్ స్టేట్‌లో స్పష్టత ఉంటుందట, ఈ రెంటి మధ్య దేశదేశాల వాళ్లు ఇప్పటికీ తన్నుకుంటున్నారట. వెచ్చదనం అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఒకప్పుడున్న అట్లాంటి సెట్టు వెచ్చదనం మీద ముసురు పట్టినప్పుడు తడిసిన నూలు కండెలు ఆరబెట్టేవాళ్లం. "నవ్వకక్కా, కండ్లు మూసుకొని ఇను. కండ్లు తెరిస్తే ఆ ఎర్ర బుడ్లను చూసి మనసు మోసపోతదట" అన్నాడు. కళ్లు మూసుకున్నాను కానీ ఎంతోసేపు ఉండలేకపోయాను. మా ఇంట్లో సెట్టు ఎంచినప్పుడు చెవులతో విన్నవాళ్ల మాట నెగ్గలేదు. అమ్మకు చెవులు పోతున్న రోజులవి. ఆమెకు ఇంకా అందే పాట ఏ సెట్టులో ఉందో కనిపెట్టాలని నాయిన పడ్డ పాట్లే ఆ పంచాయితీ అంతా.

గద్వాలలో మాది మగ్గం ఇల్లు. ముందు గదిలో సగం నేల గుంత మగ్గానిదే. మిగతా సగంలో మేం తినడం, చదవడం, పడుకోవడం, చుట్టాలొస్తే కూర్చోవడం. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి నేయాలి కాబట్టి ఒక్క మనిషితో అయ్యే పని కాదు. నడుమ పోగు మోసే నాడె విసిరేది నాయిన, పక్కన కూర్చుని అంచు నాడె వేసేది అమ్మ. ఇద్దరూ ఒకే బల్ల మీద భుజాలు తగిలేంత దగ్గరగా, కాళ్లు గుంతలోకి దించుకుని కూర్చునేవాళ్లు. నాయిన పేకను, అంటే అడ్డపోగును, దగ్గరికి కొట్టిన వెంటనే అమ్మ నాడె కదలాలి, ఏ మాత్రం ఆలస్యమైనా అంచు వదులవుతుంది. పొద్దున గంజి వాసనతో, సాయంత్రం పొయ్యి మీద కాలే జొన్నరొట్టె వాసనతో ఆ ఇల్లు ఇప్పటికీ నాకు ముక్కులోనే ఉంది. ఆ రెండు వాసనల మధ్య పగలంతా మగ్గం చప్పుడు. చుట్టుపక్కల ఇళ్లన్నీ మగ్గాలే కనుక మా వీధిలో పుట్టిన పిల్లలకు ఆ చప్పుడు ఆగితేనే మెలకువ వచ్చేది.

అమ్మకు వినికిడి తగ్గిందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మగ్గం మీద ఆమె ఎన్నడూ తప్పలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. బయటపడ్డది వంటింట్లో. పాలు పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంటున్నా ఆమె పక్కనే కూర్చుని చింతపండు పిసుకుతూ ఉండేది. మజ్జిగమ్మే ఆమె గుమ్మంలో నిలబడి గొంతు చించుకుని, చివరికి అలిగి వెళ్లిపోయేది. అడిగితే, "నేను ఏదో ధ్యానంల ఉన్న" అనేది అమ్మ. ఆ మాట ఎక్కువైపోయాక నాయిన ఆమెను రాయచూరు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు సగం కన్నడం సగం తెలుగు కలిపి, "స్వల్ప స్వల్పంగ పోతదమ్మా, ఒక్కపారే పోదు" అని చెప్పి పంపాడు. అది ధైర్యం చెప్పడమో భయపెట్టడమో మాకు అర్థం కాలేదు. చెవి మిషను ఒకటి ఇచ్చారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా నడుముకు దోపుకుని, దాని తీగ చెవిలో పెట్టుకోవాలి. అమ్మ ఒక్కరోజు పెట్టుకుంది. "గిది పెట్టుకుంటే మగ్గం నా నెత్తిల నేస్తున్నట్టుంది" అని తీసి పెట్టెలో పెట్టేసింది, మళ్లీ దాని ముఖం చూడలేదు.

నాయినకు పాటంటే ప్రాణం, అందులోనూ మాటంటే ప్రాణం. మగ్గం మీద కూర్చున్నంతసేపూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేవాడు. రేడియోలో పాట వస్తే రాగం ఎట్లా పోయినా పట్టించుకునేవాడు కాదు కానీ పాడేవాళ్లు ఒక అక్షరం మింగితే మాత్రం వాళ్ల మీద ఒంటికాలి మీద లేచేవాడు. సాయంత్రం మగ్గం దిగాక అందరం రేడియో చుట్టూ చేరడం మా ఇంటి అలవాటు. అమ్మ కూడా ఒళ్లో చేట పెట్టుకుని బియ్యం ఏరుతూ వినేది. చెవులు తగ్గుతున్న కొద్దీ ఆమె ఆ గుంపులోంచి లేచిపోవడం మొదలుపెట్టింది. రేడియో పెట్టగానే, "గిన్నెలు తోమేదుంది" అని పెరట్లోకి వెళ్లేది, పాటలన్నీ అయిపోయాకే లోపలికి వచ్చేది. ఒకరోజు నాయిన పెరటి తలుపు దగ్గర నిలబడి చాలాసేపు చూసి వచ్చి, మా ఎవరి వైపూ చూడకుండా, "మీ యమ్మ తోమిన గిన్నెలే మల్ల తోముతుంది" అన్నాడు. అప్పుడే నిశ్చయించుకున్నాడు. ఉన్న వినికిడి పూర్తిగా పోకముందే ఇంట్లోకి ఒక మంచి సెట్టు రావాలి, పెద్ద స్పీకరు రావాలి, ఆమె మళ్లీ వచ్చి మా మధ్య కూర్చోవాలి.

కోట పక్క సందులో రేడియోలు బాగుచేసే ఖాదర్ మామ నాయినకు చిన్నప్పటి స్నేహితుడు. విషయం చెప్పగానే ఆయన దుకాణంలో మిగతా పనులన్నీ పక్కన పెట్టి వాల్వు సెట్టు, అంటే ఇప్పుడు తమ్ముడు ట్యూబులది అంటున్నదే, కట్టడానికి కూర్చున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు రాగి తీగ తన చేత్తోనే చుట్టుకున్నాడు, టేకు చెక్కతో పెట్టె చేయించాడు, గాలి ఆడడానికి పైన జల్లెడ రేకు బిగించాడు. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి మా గూట్లో పెడితే గూడు కిర్రుమంది. దానికి ఒక పెద్ద స్పీకరు డబ్బా, ప్లేట్లు తిప్పే రికార్డు ప్లేయరు కూడా తగిలించాడు. స్విచ్చి వేస్తే వెంటనే ఏమీ జరగదు. మేమంతా నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, "ఆగుండ్రి, ఆగుండ్రి. కాగనియ్యుండ్రి" అన్నాడు ఖాదర్ మామ, పాలు కాచేవాడిలా చెయ్యి అడ్డం పెట్టి. జల్లెడ కన్నాల్లోంచి ఒక్కొక్క బుడ్డీ ఎర్రబడింది, కొత్త వార్నీషు వేడెక్కిన వాసన వచ్చింది, ఆ తరువాతే స్పీకరు లోంచి గొంతు సవరించుకున్నట్టు చిన్న చప్పుడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాట పెట్టడం అంటే ఒక తతంగం. స్విచ్చి వేసి రావడం, కాళ్లు చేతులు కడుక్కోవడం, రొట్టెల బుట్ట మూత పెట్టడం, ఎవరి చోట్లో వాళ్లు కూర్చోవడం. ఈలోపు "సెట్టు కాగిందా?" అని ఒకరినొకరు అడగడం.

ఈ ముచ్చట వనపర్తిలో ఉన్న మా మేనమామకు తెలిసింది. ఆయన అక్కడ కాలేజీ ల్యాబులో పనిచేసేవాడు. ట్రాన్సిస్టర్ల కాలం వచ్చాక ఇంకా బుడ్ల సెట్టేమిటని ఆయనకు మంట. అక్క కోసం తనే ఒక ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్, ఇప్పుడు సాలిడ్ స్టేట్ అంటున్నది అదే, కట్టి, తువ్వాలలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. రొట్టెల డబ్బా అంత ఉంది. మీట నొక్కాడు, పాట వచ్చేసింది. కాగడం లేదు, ఆగడం లేదు. ఇక మాట ఎంత స్పష్టంగా వచ్చిందంటే, మధ్యలో ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా వినిపించి మేం పిల్లలం నవ్వాం. నాయిన ముఖం వెలిగిపోయింది. తను ఎప్పటి నుంచో తప్పుగా పాడుతున్న ఒక మాట ఆ రోజే సరిగ్గా విన్నాడు. "ముత్యాలు పోసినట్టు వస్తుంది గదరా మాట" అన్నాడు. అని, వెంటనే అమ్మ వైపు చూసి ఊరుకున్నాడు. సెట్టు తన కోసం కాదు కదా.

అసలు పేచీ అక్కడ మొదలైంది. రెండూ పెట్టుకోవడానికి మా ఇంట్లో చోటూ లేదు, రెండో స్పీకరూ లేదు. మేనమామకూ ఖాదర్ మామకూ ఒకరంటే ఒకరికి మర్యాదే, కానీ సెట్ల మాట వస్తే మాత్రం చురకలు. "భాయ్, మీ సెట్టు పాటలకేమో గని చలికాలం కుంపటికి మస్తు పనికొస్తది" అనేవాడు మేనమామ. ఖాదర్ మామ గడ్డం నిమురుకుంటూ, "మీది మంచి సెట్టు సార్, కాదన్నదెవరు? బడిపంతులు లెక్క. ఆగుమన్న కాడ ఆగుతది, ఒక్క మాట ఎక్కువ మాట్లాడది" అనేవాడు. మాకేమో ఇద్దరి పక్షమూ వహించాలని ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే అబ్బురమనిపిస్తుంది. వినికిడి పోతున్న ఒక ఆడమనిషి కోసం ఇద్దరు మగవాళ్లు తమ చేతి పనితనమంతా పెట్టి సెట్లు కట్టడం, వాటి కోసం కొట్లాడుకోవడం, ఎవరైనా చేస్తారా? మా అమ్మకు అది దక్కింది. ఆమె మాత్రం ఇద్దరికీ చాయ పోసి, ఏ సెట్టు మోగుతున్నా ఒకే నవ్వు నవ్వుతూ పెరటి వైపు చూస్తూ ఉండేది.

తేల్చేద్దామని నాయిన అమావాస్య నాడు ముహూర్తం పెట్టాడు, ఆ రోజు మగ్గానికి సెలవు. ఏది మోగుతున్నదో తెలిస్తే మనుషులు మొహమాటపడతారని రెండు సెట్ల మీదా దుప్పటి కప్పబోయాడు. "అరె భాయ్, కాలిపోతది! సెట్టూ పోతది, దుప్పటీ పోతది!" అని ఖాదర్ మామ ఒక్క గంతు వేశాడు. దాంతో అడ్డంగా తాడు కట్టి పాత చీర వేలాడదీశారు. చీర వెనక ఖాదర్ మామ, మేనమామ పక్కపక్కన కూర్చుని స్పీకరు తీగలు మారుస్తూ ఉండాలి, ముందు మేమూ ఇరుగుపొరుగూ వినాలి. స్పీకరు డబ్బాను గది నడిమిలో బండల మీద పెట్టారు. మొదట సన్నాయి డోలు ప్లేటు పెట్టారు, తరువాత మాటలున్న పాట. విన్నవాళ్లంతా ఒకే మాట అన్నారు, మొదటిదే బాగుంది, దాంట్లోనే మాట తెలుస్తున్నదని. చీర వెనక మేనమామ దగ్గు కూడా సంతోషంగా వినిపించింది. నాయిన అమ్మ ముందు కూర్చుని, చేత్తో సైగ చేసి, ఏది అని అడిగాడు. అమ్మ ముఖంలో ఏ కదలికా లేదు. మెల్లగా లేచింది. పెరట్లోకి వెళ్లిపోతుందేమో అనుకున్నాను.

ఆమె పెరట్లోకి పోలేదు. మగ్గం దగ్గరికి వెళ్లి, తను రోజూ కూర్చునే బల్ల మీద తన చోట్లో తను కూర్చుంది. "గా డబ్బ తెచ్చి గీ బల్ల మీద పెట్టుండ్రి" అంది. చెవికి దగ్గరగా కావాలేమో అనుకుని నాయిన స్పీకరు తెచ్చి ఆమె చెవి వైపు తిప్పి పెట్టాడు. అమ్మ దాన్ని అటు తిప్పేసి, అరచెయ్యి వెడల్పుగా చాపి బల్ల మీద పెట్టుకుంది. "ఇగ పెట్టుండ్రి. సన్నాయిదే పెట్టుండ్రి" అంది. ఒక సెట్టు మీద పెట్టారు, రెండో దాని మీద పెట్టారు. ఆమె మళ్లీ మళ్లీ పెట్టించింది. చివరికి, "గిది" అంది. చీర తీసి చూస్తే మోగుతున్నది వాల్వు సెట్టు.

మేనమామకు బాధయింది. "అక్కా, దాంట్ల మాట మబ్బుమబ్బుగుంది గద. నా దాంట్ల ఒక్కొక్క మాట ఏరిపెట్టినట్టుంది. మల్లొక్కపారి ఇను" అన్నాడు. అమ్మ తమ్ముడి నోటి వైపు చూసి అర్థం చేసుకుని, "మాటలు నాకు ఎన్నడో పోయినయిరా" అంది. అందరిలో, అంత మామూలుగా. అంతవరకు ఆమె ఆ సంగతి ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. "ఏ సెట్టుల గూడ మాట వస్తలేదు, సన్నాయి గూడ వస్తలేదు. డోలు ఒక్కటే వస్తుంది, అదీ గీ చెయ్యికి. మగ్గం మీద మీ బావ దెబ్బ గూడ నాకు గిట్లనే తెలుస్తది, బల్లలకెల్లి. నీ సెట్టుల డోలు కొట్టి పోతది. ఖాదర్ భాయ్ సెట్టుల కొట్టినంక జరసేపు బల్లలనే ఉంటది. గా ఉన్నసేపట్ల నేను దాన్ని దొరకబట్టుకుంట."

ఇన్నాళ్లూ మగ్గం మీద ఆమె ఎట్లా తప్పకుండా ఉందో అప్పుడు తెలిసింది మాకు. నాయిన తలకాయ దించుకుని ఆ బల్ల వైపే చూస్తూ ఉండిపోయాడు. ముందుగా తేరుకున్నది మేనమామే. వచ్చి అమ్మ పక్కన తన చెయ్యి కూడా బల్ల మీద పెట్టాడు, రెండు సెట్లూ మళ్లీ మోగించమన్నాడు. "నిజమే బావా" అన్నాడు. "నా సెట్టు స్పీకరును గట్టిగ పట్టుకుంటది, కదులుమంటేనే కదులుతది. ఖాదర్ భాయ్‌ది జర వదులుగ పట్టుకుంటది, అందుకే ఊగు మిగులుతది. మేమైతే దాన్ని తప్పనే రాసుకుంటం. అక్కకు గదే కావాలె." సాయంత్రం బస్సుకు తన సెట్టును మళ్లీ తువ్వాలలో చుట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్లే ముందు వాల్వు సెట్టు వెనక ఒక తీగ వదులుగా ఉందని గమనించి, కూర్చుని, తనే బిగించాడు. అట్లాంటి మనుషుల మధ్య పెరిగాను నేను. ఆ గర్వం నాకింకా తగ్గలేదు.

ఇంట్లో నష్టపోయింది నాయిన ఒక్కడే. ముత్యాల్లాంటి మాట తనకు దొరికినట్టే దొరికి బస్సెక్కి వెళ్లిపోయింది. ఖాదర్ మామ సెట్టులో మాటలకు ఎప్పుడూ కొంచెం ముసుగు ఉండేది. మాట కోసం పాట వినే మనిషి, ఆ ముసుగులోనే వినడం అలవాటు చేసుకున్నాడు. ఒక్కరోజు సణగలేదు. ఎందుకంటే, అమ్మ తిరిగి వచ్చింది. గిన్నెలు ఒకసారే తోమడం మొదలుపెట్టింది. సెట్టు స్విచ్చి వేసే పని కూడా ఆమే తీసుకుంది, పొయ్యి మీద పెనం పెట్టేటప్పుడే సెట్టు వేసి వచ్చేది, ఆఖరి రొట్టె దించేసరికి అదీ కాగేది. బల్ల మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుని, "ఇయ్యాల డోలు కొట్టెటాయన మంచి ఖుషీల ఉన్నడు" అనో, "గీ ముసలాయనకు చేతులు గుంజుతున్నయి పాపం" అనో వ్యాఖ్యానం చెప్పేది. స్వల్ప స్వల్పంగా ఆ చెవులు పూర్తిగానే పోయాయి. చివరికి పిడుగు పడ్డా ఆమెకు తెలిసేది కాదు. డోలు మాత్రం తెలిసేది.

ఇదంతా ఆ పాటల గదిలో తమ్ముడికీ మరదలికీ చెప్పాను. తమ్ముడు ఆ పంచాయితీనాటికి మరీ చిన్నవాడు, వాడికి గుర్తున్నది దుప్పటి కప్పబోతే ఖాదర్ మామ వేసిన గంతు ఒక్కటే. నేను లేచి వెళ్లి వాడి స్పీకర్ల స్టాండు మీద చెయ్యి పెట్టి చూశాను. ఏమీ తెలియలేదు. ధ్వని చెక్కలోకి దిగకుండా కింద రబ్బరు బిళ్లలు పెట్టించాడట, దానికీ డబ్బులు పోశాడట. తప్పేం లేదు. రెండు సెట్లలోనూ పాట ఎంత నిండుగా వస్తున్నదో నేను చెప్పలేను, మా నాయిన ఆ మాటలు వింటే కళ్లకద్దుకునేవాడు. ఒకటి మాత్రం నాకు నచ్చలేదు. అంత పెద్ద గదిలో ఒకటే కుర్చీ వేశాడు. సరిగ్గా అక్కడ కూర్చుంటేనే పాట సరిగ్గా వినిపిస్తుందట. "చివరికి ఏది ఉంచుకోమంటవక్కా?" అని అడిగాడు. "ఏది పెడితే నీ పెండ్లాం లేచి పోకుండ కూసుంటదో గది ఉంచుకో. ముందుగాల ఇంకో కుర్చీ తే" అన్నాను. మరదలు నవ్వుకుంటూ వంటింట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసుకుంది. ఆమె కూర్చున్నాక, ఎవరికీ చెప్పని ఒక సంగతి వాళ్లిద్దరికీ చెప్పాను. తమ్ముడు హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల సంగతి అది.

డోలు సరే, మాటల సంగతి ఏమిటని అమ్మే ఒక సాయంత్రం అడిగింది. "ఏం పాడుతుండ్రో నాకు గూడ చెప్పరాదు?" అంది. అప్పటి నుంచి నాయిన ఆమెకు ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. మా పాటకు అడ్డం రాకుండా గొంతు ఎత్తకుండా పెదవులతోనే ఒక్కొక్క మాటా ఆమెకు అందించేవాడు. నాయిన వీపు మా వైపు ఉండేది, అమ్మ ముఖం మాకు కనిపించేది. అరచేతిలో డోలు, ఎదురుగా మాట, రెండూ కలిసి ఆమెకు పాట పూర్తయ్యేది. ఒక్కటే మాకు వింతగా ఉండేది. ఏడుపు పాట వస్తున్నప్పుడు కూడా ఆమె ముసిముసిగా నవ్వేది, ఒక్కోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పెదవుల మాట సరిగ్గా అందడం లేదు పాపం అనుకునేవాళ్లం.

నాయిన పోయాక చాలా రోజులు సెట్టు పెట్టలేదు. ఒక సాయంత్రం అమ్మే లేచి స్విచ్చి వేసింది, రొట్టెలు చేసి వచ్చింది, ప్లేటు పెట్టి బల్ల మీద చెయ్యి ఆనించింది. నన్ను పిలిచి ఎదురుగా పీట చూపించింది. "నువ్వు చెప్పు" అంది. నేను కూర్చుని, పాటలో వచ్చిన మాటను వచ్చినట్టే, ఒక్కటి పోకుండా పెదవులతో చెప్పాను. అమ్మ నొసలు ముడిపడింది. "గా పాట గాదే" అంది. అదే పాట అని ప్లేటు తీసి చూపించాను. "కాదు. మీ నాయిన చెప్పంగ దీంట్ల మన మగ్గం ఉండె. కృష్ణ నిండుగ వస్తే చూడవోయిన ముచ్చటుండె. నేను ఎర్రంచు చీర కట్టుకొని బండి దిగిన ముచ్చటుండె" అంది. ఆ సెట్టు ముసుగులో మాటలు దొరకని నాయిన, దొరకని చోటల్లా తన మాటలే పెట్టుకుంటూ, అన్ని పాటలనూ ఆమె పాటలే చేసి పెట్టాడు. ఆమెకు ఆ సంగతి తెలియదు. లోకంలో పాటలన్నీ అట్లాగే ఉంటాయని అనుకుంది.

నేను చెప్పలేకపోయాను. అమ్మ మళ్లీ ప్లేటు మొదటికి పెట్టింది. నేను మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి నిదానంగా, మగ్గం కలిపి, కృష్ణ కలిపి, తెలిసినంత కలిపి. చివరి దాకా కళ్లార్పకుండా చూసింది. "అన్నీ వచ్చినయి. నా పేరు ఏది?" అని అడిగింది. మా దిక్కు ఆ కాలంలో మొగుడు పెళ్లాం పేరు ఎత్తడు. నాయిన అమ్మను పిలవాలంటే నా పేరుతో పిలిచేవాడు, లేకుంటే "ఇగో" అనేవాడు. ఆయన నోట ఆమె పేరు మేం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా వినలేదు. ఇరుగుపొరుగు, పిల్లలు, చుట్టాలు అందరూ కూర్చున్న ఇంట్లో, రోజూ, మాకు వీపు పెట్టి ఆయన పిలుస్తున్నది ఆ పేరన్నమాట. నాకు ఏడుపు ఆగలేదు. కళ్లు తుడుచుకుని, గొంతు ఎత్తకుండా, బాలమణి అని పెదవులు కదిపాను.

"ఆఁ, గదే పాట" అంది అమ్మ.